టైపు ఇన్‌స్టిట్యూట్‌లో సాక్ష్యం

పన్నెండు రోజుల కిందట, రాత్రంతా కురిసిన వాన వెలిసిన పొద్దున్న, అడవిపొలం మలుపులో ప్రకాశరావు స్కూలు ఆటో ఏడుగురు పిల్లలతో సహా కాలవలోకి ఒరిగిపోయింది. నీళ్ళలోకి దూకి పిల్లల్ని ఒక్కొక్కరినీ గట్టుకి చేర్చింది ప్రకాశరావే. ఆఖర్న తీసిన శిరీషకి ఎడమ చెయ్యి విరిగింది. ఏడేళ్ళ ఆ పిల్ల ఆ రోజునుంచి నోరు విప్పి మాట్లాడటం లేదన్నారు. ఊరు మాత్రం ప్రకాశరావుని నెత్తిన పెట్టుకుంది. శిరీష అమ్మానాన్నలు ఇంటికొచ్చి బట్టలు పెట్టారు. బురదకి బండి జారిందన్నారు అందరూ, అతను అవునన్నాడు. ఆ పొద్దున్న బండి తీసేముందు క్వార్టరు సీసా ఖాళీ చేశాడని అతని భార్య మార్తమ్మకి ఒక్కదానికే తెలుసు. ఖాళీ సీసా తీసి పారేసి, తడిసిన చొక్కా ఉతికింది ఆవిడే కదా.

ఆవిడ పది రోజులు నోరు మూసుకుంది. ఇక మూసుకోనని శుక్రవారం తేల్చి చెప్పింది. ఆస్పత్రిలో ఆయాగా చేసే ఆరోగ్యమ్మని అడిగి తాగుడు మానేవాళ్ళ మీటింగు చిరునామా రాయించుకొచ్చింది. "ఆదివారం నాలుగింటికి ఆ మీటింగుకి ఎల్లండి. ఎల్లకపోతే సోమవారం పొద్దున్న స్కూలు గేటు దగ్గిర నేనే నిలబడి అందరికీ చెప్పేస్తాను" అంది. సోమవారమే ఎందుకంటే, బాగుచేయించిన బండి ఆ రోజే మళ్ళీ రోడ్డెక్కుతోంది. మా పిల్లల్ని ప్రకాశరావు తప్ప ఇంకెవరూ తీసుకెళ్ళడానికి వీల్లేదని తల్లిదండ్రులే స్కూలువాళ్ళ దగ్గిర పట్టుబట్టారు.

అలా ఆ ఆదివారం వచ్చేసింది.

ప్రకాశరావు మూడున్నరకే ఇంట్లోంచి బయటపడ్డాడు. ఇంటిముందు ఆటో కొత్త రంగు వేసుకుని పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. దానివైపు చూడకుండా దాటాడు. బండి వేసుకెళ్తే ఎక్కడ ఆగిందో సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుందని నడిచే వెళ్ళాడు. ఎండకి అన్నట్టు తువ్వాలు నెత్తిన కప్పుకున్నాడు గానీ, ఆకాశం అప్పటికే మబ్బు పట్టి ఉంది.

భయం అతనికి కొత్త కాదు. ఈ పన్నెండు రోజులూ భయంతోనే లేచాడు, భయంతోనే పడుకున్నాడు. పోలీసుల భయం ఒకటి. పిల్లల తండ్రులు మీదపడి కొడతారేమోనని ఇంకొకటి. కానీ ఇవాళ్టి భయం వేరు. రేపు ఎనిమిదింటికి ఆ ఏడుగురిలో శిరీష పోను మిగతా ఆరుగురూ, కుదిరితే శిరీష కూడా, తన బండి ఎక్కి కూర్చుంటారు. రేపు పొద్దున్న తాగకుండా తన చేతులు హ్యాండిల్ పట్టుకోలేవు. తాగితే మలుపు ఉండనే ఉంది. ఈ రెండింటి మధ్యా మూడో దారి ఏదైనా ఉందేమోనని ఎంత వెతికినా అతనికి కనిపించలేదు.

వీధి చివర టిఫిన్ల కొట్టు ఆవిడ పలకరించింది. "ఏవండి ప్రకాశంగారూ, రేపట్నించి బండి తీస్తన్నారంట కదా. మా మనవరాలు నిన్నట్నించే బ్యాగు సద్దేసుకుని కూచుందండి. మీరుంటే మాకు ధైర్యమండి."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు ప్రకాశరావు. నోటి వాసన ఆవిడదాకా వెళ్ళకుండా తువ్వాలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గు వచ్చినట్టు నటించాడు.

యానాంలో బ్రాందీ షాపు ఎక్కడని ఎవరినడిగినా చిటికెలో చూపిస్తారు. చుట్టుపక్కల ఆంధ్రా ఊళ్ళన్నీ బస్సులెక్కి వచ్చేది ఈ చవక మందుకేనాయె. తాగుడు మానేసే చోటెక్కడని అడిగితే మాత్రం మనిషిని ఎగాదిగా చూస్తారు. అందుకని ప్రకాశరావు ఎవరినీ అడగలేదు. అగ్రహారంలో రెండుసార్లు అదే వీధి చుట్టి, మూడోసారికి టైపు ఇన్‌స్టిట్యూట్ సందులోకి తిరిగాడు. ఆరోగ్యమ్మ చెప్పిన గుర్తులు బాగానే ఉన్నాయి. బోర్డు ఉండదు, వెనక గది, గుమ్మం ముందు చెప్పులుంటే మీటింగు ఉన్నట్టు.

చెప్పులున్నాయి. మూడు జతలు. ఈ ఊళ్ళో చెప్పుల్ని బట్టి కూడా మనుషుల్ని పోల్చుకోవచ్చు. ప్రకాశరావు వంగి వాటినే చూస్తూ నిలబడిపోయాడు. తోలు చెప్పులు ఒక పెద్దాయనవి. హవాయి జత ఉప్పునీళ్ళకి తెల్లబారింది, వేటకెళ్ళే మనిషిది. మూడోది తెలియలేదు. తన చెప్పులు చూసి ఇంకెవరైనా ఇలాగే పోల్చుకుంటారని తోచేసరికి కాళ్ళు వెనక్కి తిరిగాయి.

"లోపలికి రా బాబూ" అన్నారెవరో లోపల్నించి. "గుమ్మంలో నిలబడితేనే జనం చూసేది."

ఆ గొంతు ప్రకాశరావు ఎరిగినదే. వంతెన రాకముందు యానానికీ ఎదుర్లంకకీ మధ్య లాంచీ నడిపిన సరంగు సత్యనారాయణ. చిన్నప్పుడు అమ్మ వేలు పట్టుకుని ఆయన లాంచీలో ఎన్నిసార్లు గోదావరి దాటాడో లెక్కలేదు. ఈయన తాగుబోతా? ఎప్పుడు తాగాడు? ఆలోచిస్తూనే ప్రకాశరావు గది లోపలికి వచ్చేశాడు.

టైపు మిషన్లన్నీ గోడవారగా రెగ్జిన్ గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. మధ్యలో ఒక బల్ల, దానిచుట్టూ టైపు నేర్చుకునే పిల్లలు కూర్చునే ఎత్తు స్టూళ్ళు. సరంగు కాక ఇంకో ఇద్దరున్నారు. ఒకడు మరియదాసు. సముద్రం మీదికి వేటకెళ్తాడు, ముఖపరిచయం ఉంది. రెండో ఆయన వంతెన అవతలివాడు.

"ఇక్కడ ఇంటిపేరు అడగం" అన్నాడు సత్యనారాయణ. "ఏ వీధి, ఎవరి తాలూకు అని అడగం. చెప్పాలనుంటే చెప్పొచ్చు, లేకపోతే టీ తాగి ఎల్లిపోవచ్చు. ఇక్కడ విన్నది ఈ గుమ్మం దాటదు. అంతే రూలు."

ఇంటిపేరు అడక్కుండా ఇద్దరు మనుషులు పది నిమిషాలు మాట్లాడుకోవడం ప్రకాశరావు యానాంలో ఎన్నడూ చూడలేదు. అది అతనికి ధైర్యం ఇవ్వకపోగా ఇంకా బెదురు పుట్టించింది. అడగలేదంటే వీళ్ళకి ముందే తెలుసేమో. మార్తమ్మ ఆరోగ్యమ్మతో ఎంతవరకు చెప్పిందో, ఆరోగ్యమ్మ వీళ్ళతో ఎంత చెప్పిందో ఎవరికి తెలుసు?

సత్యనారాయణ మొదలుపెట్టాడు. "నా పేరు సత్యనారాయణ. నేను తాగుబోతుని. తాగి తొమ్మిదేళ్ళయింది. తొమ్మిదేళ్ళని ఎవరూ మెచ్చుకోక్కర్లేదు, ఇయ్యాల తాగలేదు, అదీ లెక్క. తాగిన రోజుల్లో లాంచీని ఓసారి ఇసక మేట ఎక్కించేసేను. నలభై మంది జనం. పాటు మీద నీళ్ళు తగ్గిపోయి మేట తగిలిందనుకున్నారు పాపం. బోల్తా కొట్టకుండా కాపాడేనని ఒకావిడ నాకు దణ్ణం కూడా ఎట్టింది. ఆ దణ్ణం నాకు చాన్నాళ్ళు నిద్ర పట్టనివ్వలేదు."

ప్రకాశరావు ఉలిక్కిపడ్డాడు. ఈ ముసలాయన తనకోసమే చెబుతున్నాడా? ఆయన మొహం వంక చూస్తే ఏమీ తెలియలేదు. ఆయన ప్రతి ఆదివారం చెప్పే మాటలే చెప్పినట్టు, చెప్పేసి టీ గ్లాసు అందుకున్నాడు.

మరియదాసు నలభై ఒక్క రోజులని మాత్రం చెప్పి ఊరుకున్నాడు. వంతెన అవతలాయన కొంచెం మాటకారి. "తాగుడు మానడానికి యానాం ఎల్తన్నానంటే మా ఆవిడ నెల్రోజులు నమ్మలేదండి. ఇంత మంచి అబద్ధం ఎవరు నేర్పేరని అడిగింది. ఓ ఆదివారం నా ఎనకాలే బస్సెక్కి వచ్చి ఈ సందులో నిలబడి చూసి అప్పుడు నమ్మింది" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. ప్రకాశరావు కూడా నవ్వాలని చూశాడు గానీ పెదవులు కదల్లేదు.

"నువ్వేమైనా చెబుతావా బాబూ?" అన్నాడు సత్యనారాయణ.

చెప్పకుండా ఉంటే అనుమానిస్తారు. ప్రకాశరావు లేచి నిలబడ్డాడు. అక్కడెవరూ లేచి నిలబడలేదన్న సంగతి అతనికి తట్టలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ మనుషుల ముందు తన సంగతి చెప్పుకోవడమంటే అతనికి తెలిసింది ఒక్కటే, వాళ్ళు గుడి అనే చర్చిలో ప్రభువు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యం. వందలకొద్దీ విన్నాడు. మొన్న కాలవ సంగతి మీద తనే ఒకటి చెప్పాడు. దాని నడక నోటికి వచ్చు. మొదట ఎంత చీకట్లో ఉన్నారో చెప్పాలి, మధ్యలో ప్రభువు చెయ్యి పట్టుకోవాలి, చివరకి అంతా బాగైపోవాలి. ఇంకా తాగుతూనే ఉన్నానని సాక్ష్యం చెప్పిన మనిషిని అతనెరగడు.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలండి" అన్నాడు. "నా పేరు ప్రకాశరావు. నేను ఒకప్పుడు తాగుడనే ఊబిలో కూరుకుపోయినవాణ్ణి. నా భార్య కన్నీటి ప్రార్థన ప్రభువు ఆలకించేడు. పన్నెండు రోజుల కిందట ఆయన నన్ను ముట్టేడు. ఆ గడియ నుంచి ఆ కోరికే నాలోంచి తీసేసేడు. ఇప్పుడు ఆ వాసనంటేనే నాకు అసయ్యం. ఈ సాక్ష్యం ద్వారా ప్రభువు మహిమ పొందును గాక."

బాగా చెప్పాడు. గొంతు ఎక్కడ తగ్గాలో అక్కడ తగ్గింది. చెప్పి, అలవాటు చొప్పున 'స్తోత్రం' కోసం ఆగాడు. ఎవరూ అనలేదు. మరియదాసు కూడా గుడికెళ్ళే మనిషే, అతను కూడా అనలేదు.

"కూచో బాబూ" అన్నాడు సత్యనారాయణ నెమ్మదిగా. "చివర్న ఎప్పుడు తాగేవు?"

ప్రకాశరావు కూర్చున్నాడు. మోకాళ్ళ మధ్య దాచుకున్న చేతులు మళ్ళీ వణుకు అందుకున్నాయి. అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఆ ముగ్గురూ అతన్ని తప్పు పట్టుకున్నట్టు చూడటం లేదు. దారి తప్పిన మనిషి ఏ ఊరెళ్ళాలో చెబుతాడని చూస్తున్నట్టున్నారు.

"పొద్దున్నండి" అన్నాడు. "గుడికెళ్ళేముందు. పాటల పుస్తకం పట్టుకోడానికి చేతులు నిలబడక."

మరియదాసు స్టూలు కొంచెం దగ్గిరకి జరుపుకున్నాడు. "నేనూ మొదటి వారం ఇలాగే సాక్ష్యం చెప్పేనన్నా. నీకన్నా బాగా చెప్పేను. వాక్యం కూడా ఎత్తేను. ఇంటికెళ్ళేటప్పుడు దార్లో ఆగి తాగేను."

"చేతులు అలా వణుకుతుంటే ఒక్కసారిగా ఆపీకూడదు" అన్నాడు సత్యనారాయణ. "ఫిట్సొస్తాయి. రేపు నేనొచ్చి డాక్టరు దగ్గిరికి తీసుకెల్తాను. మందులిత్తారు, వారం పది రోజులు పడతది."

ప్రకాశరావుకి ఏడుపు ముంచుకొచ్చింది. పన్నెండు రోజులుగా ఇంటి గోడలకి కూడా చెప్పుకోలేని మాట నోట్లోంచి బయటపడింది, పైకప్పు కూలిపోలేదు. ఆ తేలికదనం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. "రేపు కుదరదండి" అన్నాడు. "రేపు ఎనిమిదింటికి స్కూలు బండి తియ్యాలి."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడు ఆ గదిలో నలుగురికి తెలుసు, రేపు పిల్లలెక్కే బండి నడిపేవాడు ఎలాంటివాడో. తెలిసినా వాళ్ళు గుమ్మం దాటించకూడదు.

"తీస్తావా?" అన్నాడు సత్యనారాయణ.

జవాబు చెప్పేలోగా గుమ్మం దగ్గిర అలికిడైంది. నాలుగో జత పక్కన ఇంకో జత చెప్పులు విడిచి లోపలికి వచ్చిన మనిషిని చూసి ప్రకాశరావు తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు. శిరీష తండ్రి వీరభద్రరావు. కాకినాడ పక్క పల్లెటూరునుంచి వచ్చి ఇక్కడ రొయ్యల చెరువులు చేస్తున్నాడు. అతను కూడా ప్రకాశరావుని చూశాడు. గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగిపోయాడు. తర్వాత నెమ్మదిగా వచ్చి సరిగ్గా ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు.

దండం పెట్టడానికి వచ్చాడేమో అనుకున్నాడు ప్రకాశరావు వెర్రిగా. ఈ గదిలోకి ఎవరూ ఇంకొకరికి దండం పెట్టడానికి రారని వెంటనే తెలిసింది.

సత్యనారాయణ రూలు మళ్ళీ చెప్పాడు. వీరభద్రరావు తలవంచుకుని విన్నాడు. విని, అడక్కుండానే మొదలుపెట్టాడు.

"నా పేరు వీరభద్రరావండి. చెరువు మీద చలికని మొదలెట్టేను, ఇప్పుడు ఎండాకాలం కూడా తాగుతున్నాను. ఎవరూ చెప్పకుండానే వచ్చేను. మా పాప నిన్న మాట్లాడిందండి."

ప్రకాశరావు కూర్చున్న చోటునుంచి లేవబోయాడు. ఎంత భయంలో ఉన్నా ఆ మాటకి అతని లోపల సంతోషం పొంగింది. ఆ పిల్లని నీళ్ళలోంచి ఎత్తినప్పటి బరువు ఇంకా అతని చేతుల్లో ఉంది.

"పదకొండు రోజులు పలకలేదండి. పెద్ద డాక్టరు కూడా టైము పడుతుందన్నాడు. నిన్న మధ్యాన్నం నేను తాగి ఇంటికెళ్ళేను. మంచమ్మీద పడుకుంటే ముద్దెట్టుకుందామని వంగేను. బాగున్న చేత్తో నా మొహం తోసేసి అంది, 'నాన్నా, నీ దగ్గిర కూడా ఆటో మావయ్య వాసనొస్తంది' అని."

సత్యనారాయణ టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"పిల్ల మాట్లాడిందని వాళ్ళమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసిందండి. పిల్ల ఏం మాట్లాడిందో ఆవిడ చెవికెక్కలేదు. నాకెక్కింది. మా పాప ముందు సీట్లో, ఈయన పక్కనే కూర్చునేది." వీరభద్రరావు ఇప్పటిదాకా ప్రకాశరావు వంక చూడలేదు. ఇప్పుడు చూశాడు. "నేను నా గురించే వచ్చేనండి. మిమ్మల్ని ఎతుక్కుంటూ రాలేదు. మీరిక్కడుంటారని తెలీదు."

ప్రకాశరావు లేచి పారిపోదామనుకున్నాడు. కానీ లేవలేదు.

వీరభద్రరావు సరంగు వైపు తిరిగాడు. "ఇక్కడ విన్నది బయట చెప్పకూడదన్నారు. ఆ రూలు నాకూ ఉందా అండి?"

"అందరికీ ఉందండి" అన్నాడు సత్యనారాయణ.

"అయితే నేనేమీ అననండి. మా పాప ఏం చూసిందో, ఆ రోజు ఏం జరిగిందో పాపనీ అడగను, ఈయన్నీ అడగను. ఒక్క మాటే." మళ్ళీ ఎదురుగా చూశాడు. "పాప చేతికి కట్టున్నా సరే, రేపట్నించి బడికెల్తానని పేచీ పెడుతోంది. మీ బండి ఎక్కించమంటారా, వద్దంటారా? మీరే చెప్పండి ప్రకాశంగారూ."

అవునంటే సరిపోతుంది. ఈ మనిషి లేచి వెళ్ళిపోతాడు. మిగిలిన ముగ్గురూ రూలుకి కట్టుబడి నోరు విప్పరు. రేపు ఒక్క రోజు ఎలాగో గడిపేస్తే తర్వాత డాక్టరు, మందులు, అన్నీ చూసుకోవచ్చు. ప్రకాశరావు ఇదంతా ఎంత వేగంగా ఆలోచించాడంటే, తనకే తనమీద అసహ్యం వేసింది.

"ఎక్కించకండి" అన్నాడు. "ఆ రోజు తాగే ఉన్నానండి. ఇయ్యాల కూడా తాగే వచ్చేను."

వీరభద్రరావు మొహం నెత్తురంతా ఎక్కడికో పోయినట్టు పాలిపోయింది. కొడతాడని ప్రకాశరావు కళ్ళు మూసుకున్నాడు. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి బల్ల మీద సెల్‌ఫోను ఉంది.

"మా పాప సంగతి సరేనండి. మిగతా ఆరుగురి మాటేంటి? యాక్సిడెంటు తర్వాత అందరి నంబర్లూ రాసుకున్నాను."

"వీరభద్రరావుగారూ, ఇక్కడ ఎవర్నీ బలవంతపెట్టం" అన్నాడు సత్యనారాయణ.

"బలవంతం కాదండి. నేను చెప్పకూడదు, మీరు చెప్పకూడదు. చెప్పగలిగింది ఈయనొక్కడే. ఈయన వద్దంటే ఫోను జేబులో ఏసుకుని ఎల్లిపోతాను. పొద్దున్న ఎనిమిదింటికి ఆళ్ళు బండెక్కుతారు."

ప్రకాశరావు ఫోను వంకే చూశాడు. ఆరు ఇళ్ళు, ఆరుగురు తల్లులు. మొదటి ఫోను అయ్యేసరికి ఊరంతా పాకుతుంది. రెండో ఫోను అయ్యేలోపు ఎవరో ఒకరు ఈ సందులోకి వస్తారు. పోలీసులు, స్కూలువాళ్ళు, గుడి పెద్దలు, అందరూ వస్తారు. మార్తమ్మ ఒక్కతే ఇంట్లో ఉంది.

"కలపండి" అన్నాడు.

వీరభద్రరావు నంబరు నొక్కి ఫోను అతని చేతిలో పెట్టాడు. అవతల రెండుసార్లు మోగింది.

"హలో, చెప్పండి వీరభద్రరావుగారూ" అంది ఒక ఆడగొంతు.

"నేనండి. ఆటో ప్రకాశరావుని."

"మీరా అన్నయ్యగారూ. ఇప్పుడే మీ మాటే అనుకుంటున్నామండి. ఉండండి, పాప ఒక్కటే గోల చేస్తంది, ముందు దాంతో మాటాడండి." ఆ తర్వాత ఫోను చేతులు మారిన చప్పుడు, ఆయాసపడుతున్న చిన్న గొంతు.

"మావయ్యా, నేను బ్లెస్సీని. రేపు శిరీష రాదు కదా. ముందు సీట్లో నీ పక్కన నేను కూచుంటాను. సరేనా?"

బల్ల చుట్టూ ఉన్న నలుగురూ అతని మొహమే చూస్తున్నారు. ప్రకాశరావు వణుకుతున్న ఫోనుని రెండో చేత్తో కూడా గట్టిగా పట్టుకున్నాడు.

"కాదమ్మా" అన్నాడు. "అమ్మకి ఫోనియ్యి."